లంక నుండి వచ్చిన పాట

మన పత్తికొండలో పాటలు వినిపించు వాణిజ్య రేడియో కేంద్రము లేదు. అయినను అట్టి కేంద్రము కథ మనకు పరాయిది కాదు. బాలబాలికలు తమ జేజిని, తాతను "రేడియో సిలోన్" అనగా నేమని యడిగి చూడవలెను. అది సముద్రమునకు ఆవల, మనకు సుమారు 970 కిలోమీటర్ల దూరమున, కొలంబో నగరమున నున్నది.

కొలంబోలో రేడియో ప్రసారములు 1925లోనే ఆరంభమైనవి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున బ్రిటిషువారు తమ సైనికుల కొరకు అచ్చట బలమైన షార్ట్‌వేవ్ యంత్రమును నిలిపిరి. యుద్ధము ముగిసెను, యంత్రము మిగిలెను. దానితో 1950లో సిలోన్ వారు వాణిజ్యప్రసారము మొదలిడిరి. వర్తకుడు తన సరకు పేరు చెప్పించుకొనుటకు రుసుము చెల్లించును. ఆ సొమ్ముతో కేంద్రము నడచును. శ్రోతకు పాట ఉచితము. సబ్బు పేరో పండ్లపొడి పేరో నాలుగుమారులు వినుటయే మన మిచ్చు మూల్యము.

ఆ కేంద్రమునకు దశ తెచ్చినది మన దేశపు నిర్ణయమే యనవచ్చును. 1952లో బి. వి. కేస్కర్ గారు సమాచార ప్రసారశాఖా మంత్రి యైరి. సినిమాపాటలు వారికి రుచింపవు. పాటతో పాటు చిత్రము పేరు చెప్పుట ప్రకటన యగునని ఆకాశవాణి దానిని మానెను. నిర్మాతలు కోపించి పాటల హక్కులను వెనుకకు దీసికొనిరి. శాస్త్రీయ సంగీతమును పోషింపవలె నన్న కోరిక మంచిదే. కాని వినువారు ఊరకుండలేదు, ముల్లును కొలంబో వైపు త్రిప్పిరి! తెలుగు పాటలకును అచ్చట చోటు దొరకెను. మీనాక్షి పొన్నుదురై గారు చిరకాలము ఆ కార్యక్రమమును నడపి తెలుగువారి కందరకు పరిచితులైరి.

అంతదూరపు పాట ఇచ్చటి కెట్లు వచ్చెను? భూమికి చాల ఎత్తున సూర్యకాంతి వలన విద్యుత్కణములు నిండిన పొర యొకటి గలదు. షార్ట్‌వేవ్ తరంగము ఏటవాలుగా పైకి బోయి, ఆ పొర వలన వంగి, మరల నేలకు దిగును. నడుమ కొండ లున్నను అడ్డు లేదు. ఆ పొర నిలుకడగా నుండదు గనుక పాటయు హెచ్చుచు తగ్గుచు, గాలిలో ఊగినట్లు వినవచ్చును. పల్లవి చక్కగా విని చరణము పోగొట్టుకొన్నవారు ఎందరో!

తుదకు ఆకాశవాణియు మెత్తబడెను. 1957లో వివిధభారతి వెలసెను. 1967లో అందు వాణిజ్య ప్రకటనలు ప్రవేశించెను. 1963లో కడపలో ఆకాశవాణి కేంద్రము ఏర్పడగా రాయలసీమకు తన స్వర మొకటి దక్కెను. గాలి తరంగములు ప్రజల సొత్తని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన పిదప, 2001లో బెంగుళూరున ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రము తెరచిరి. అవి తొలుత పెద్దనగరములకే పోయినవి. ప్రకటనదారులు జనసమ్మర్దము గలచోటనే సొమ్ము పెట్టుదురు గదా.

2024లో కేంద్రప్రభుత్వము 234 పట్టణములలో 730 ఎఫ్.ఎం. ప్రసారమార్గములను వేలము వేయ నిశ్చయించెను. ఆ పట్టికలో కర్నూలు, ఆదవాని, గుంతకల్లు గలవు, పత్తికొండ లేదు. ఎఫ్.ఎం. తరంగము షార్ట్‌వేవ్ వలె ఆకసము నంటి మరలి రాదు. దీపపు వెలుగు వలె దాదాపు తిన్నగా సాగును. కావున ఆదవానిలోగాని గుంతకల్లులోగాని కేంద్రము లేచినచో, దాని పాట మన ఇండ్లకు చేరునా చేరదా యనుట అచ్చటి గోపురపు టెత్తును, యంత్రపు బలమును, నడుమ నున్న గుట్టలను బట్టి యుండును.