పేలని ఫిరంగి

తీగచుట్టలో విద్యుత్తును ప్రవహింపజేసి, దాని ఒక కొన వద్ద ఇనుప మేకు నుంచినచో, మేకు చప్పున లోపలికి లాగబడును. ఇట్లు లాగబడిన ఇనుము రెండవ కొన నుండి వేగముగా వెలువడునట్లు చేయగలిగినచో, మందుగుండు లేని ఫిరంగి తయారగును గదా! నార్వే దేశపు భౌతికశాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ బిర్కెలాండ్ 1901లో ఈ పనికే పూనుకొనెను.

ఇందొక చిక్కు కలదు. గుండు తీగచుట్ట నడిమికి చేరువరకు బలము ముందునకు లాగును. సరిగా నడుమ బలము శూన్యము. నడుమ దాటెనా, అదే బలము వెనుకకు లాగును. కనుక గుండు నడిమికి చేరుసరికి ప్రవాహము ఆగవలెను. బిర్కెలాండ్ అనేక చుట్టలను వరుసగా అమర్చి, గుండు సాగినకొలది ఒక్కొక్క చుట్టలో ప్రవాహము తెగునట్లు చేసెను. అరకిలో గుండుకు సెకనుకు సుమారు 50 మీటర్ల వేగము లభించెను. దాని గతిశక్తి 625 జౌళ్లు.

పెద్ద ఫిరంగితో 600 మీటర్ల వేగము వచ్చునని ఆయన అంచనా. వచ్చినది 100 మాత్రమే. వేగము ఆరవ వంతైనచో శక్తి ముప్పదియారవ వంతే యగును. గాలి నిరోధమును విడిచిపెట్టి, 45 డిగ్రీల కోణమున ప్రయోగించినచో, వేగపు వర్గమును 9.8తో భాగించగా గుండు పోవు దూరము వచ్చును. అది సుమారు ఒక కిలోమీటరని విద్యార్థులు లెక్కించి చూడవచ్చును.

1903 ఫిబ్రవరి 6న క్రిస్టియానియా (నేటి ఓస్లో) విశ్వవిద్యాలయమున, ఆహ్వానితుల యెదుట ఫిరంగిని పరీక్షించిరి. ఒక తీగచుట్ట షార్టయి, కన్నులు మిరుమిట్లు గొలుపు జ్వాల పెద్ద ధ్వనితో లేచెను. సభ చెదరెను. తీగచుట్టలోని ప్రవాహమునకు బండికి వలెనే ఒకవిధమైన జడత్వము కలదు. హఠాత్తుగా ఆపబూనినచో అది గాలిని చీల్చుకొనియైనను సాగజూచును. ఆ జ్వాలకు ప్రాణము ఈ గుణమే.

కొద్ది దినములకు సామ్ ఐడె అను ఇంజనీరు ఒక విందులో బిర్కెలాండ్‌ను కలిసికొనెను. గాలిలోని నత్రజనిని ఎరువుగా మార్చుటకు మెరుపు వంటి గొప్ప జ్వాల కావలెనని ఐడె కోరిక. ఫిరంగిని చెరచిన జ్వాలయే అందుకు తగినదని బిర్కెలాండ్ గ్రహించెను. విద్యుజ్జ్వాలకు అడ్డముగా అయస్కాంత క్షేత్రము నుంచగా, అది పళ్లెము వలె విస్తరించెను. సుమారు 3,000 డిగ్రీల ఆ వేడిమిలో నత్రజని, ఆమ్లజని కలిసి నైట్రిక్ ఆక్సైడగును; దాని నుండి నత్రికామ్లము, ఆమ్లమును సున్నపురాతితో కలుపగా కాల్షియం నైట్రేటు ఎరువు లభించును. 1905లో నోటొడెన్ పట్టణమున ఈ ఎరువు తయారీ ప్రారంభమయ్యెను. విద్యుత్తు విపరీతముగా ఖర్చగుటచే, తరువాత హేబర్ పద్ధతి దాని స్థానము నాక్రమించెను.

మేకుతో ప్రయోగము చేయు విద్యార్థులు టార్చి బ్యాటరీలనే వాడవలెను. ఇంటి కరెంటు జోలికి పోరాదు. మేకు నడుమ ఆగిపోయినచో ప్రయోగము చెడినదని తలచవలదు. ఎందుకు ఆగెనో ఆలోచించుటయే అసలు పాఠము. బిర్కెలాండ్ తన ఫిరంగి చెడిన చోటనే పొలములకు ఎరువును కనుగొనెను.