జిల్లా పేజీ దాటని మూసీ

జిల్లా పేపర్లో ‘ఎఫెక్ట్’ అని చిన్న బాక్సు పడుతుంటుంది. నిన్న రాశాం, ఇవాళ కదిలారు అని చెప్పుకోవడమన్నమాట. పైపు లీకేజీ ఆగినా, వాడకు ట్యాంకర్ వచ్చినా, బావిలో బ్లీచింగ్ చల్లినా ఎఫెక్టే. రాసిన విలేకరికి ఆ రోజు పండగ. తప్పేం లేదు. మునిసిపల్ కమిషనర్ చేతిలో ఉన్నది అంతే. మూసీ మాత్రం ఆయన చేతిలో లేదు.

అనంతగిరి కొండల్లో పుట్టిన ఏరు హైదరాబాద్ మురుగును మోసుకొస్తుంది. రుద్రవెల్లి వంతెన కింద సబ్బు నురగలా తెట్టెలు కడుతుంది. కేతేపల్లి మండలం సోలిపేట దగ్గర మూసీ ప్రాజెక్టులో ఆగుతుంది. 1963లో పూర్తయిన ఆ ప్రాజెక్టు నీళ్లే సూర్యాపేట పట్టణం ఏళ్ల తరబడి తాగింది. మిగిలింది మిర్యాలగూడ అవతల వాడపల్లిలో కృష్ణలో కలుస్తుంది. అక్కడ సంగమ స్నానాలు చేస్తారు.

1989లో ‘ఈనాడు’ జిల్లా ఎడిషన్లు మొదలుపెట్టాక పల్లె సంగతులకు పేపర్లో చోటు దొరికింది. మేలే జరిగింది. దాంతోపాటే గోడలూ లేచాయి. కోదాడ వార్త కోదాడలో, మిర్యాలగూడ వార్త మిర్యాలగూడలో. 2016లో జిల్లాలు విడిపోయాక డ్యామ్ నల్లగొండకు, నీళ్లు తాగినవాళ్లు సూర్యాపేటకు పోయారు. మురుగు వదిలే నగరం చదివేది సిటీ ఎడిషన్. అందులో మూసీ అంటే కంపు, దోమలు, సుందరీకరణ. ఆ కంపు ఎవరి బిందెలోకి దిగుతోందో భూతద్దం పెట్టి వెతకాలి.

జిల్లా పేజీ దాటాలంటే ఎంత కష్టమో 1996 చెప్పింది. ఫ్లోరైడ్ నీళ్ల గోస దేశానికి వినిపించాలని జల సాధన సమితి నల్లగొండ లోక్‌సభ స్థానానికి వందల నామినేషన్లు వేయించింది. బరిలో 480 మంది! బ్యాలెట్ పుస్తకమంతైంది, పోలింగ్ వాయిదా పడింది, వార్త దేశమంతా పాకింది. తమిళనాడు మొడకురిచ్చిలోనూ అదే ఏడాది వెయ్యిమందికి పైగా పోటీచేశారు. ఢిల్లీ కదిలింది. డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచింది. నీళ్లకన్నా ముందు చట్టం వచ్చింది. దాన్నీ ‘ఎఫెక్ట్’ అనే అనాలేమో!

2018 సెప్టెంబరులో ఇంకో ముచ్చట. దేశంలో కలుషిత నదీ భాగాలు 351కి పెరిగాయని ‘ది హిందూ’ రాసింది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క అది. ఆ వార్తనే పిటిషన్‌గా తీసుకొని జాతీయ హరిత ట్రిబ్యునల్ రాష్ట్రాలన్నీ నదుల ప్రక్షాళన ప్రణాళికలు ఇవ్వాలంది. హైదరాబాద్ నుంచి నల్లగొండ దాకా మూసీ మరీ అధ్వానమైన జాబితాలో ఉంది. ఆ సంగతి సోలిపేట రైతుకు ఎవరో చెప్పాలా? తేడా అల్లా అది ఎక్కడ అచ్చయిందన్నదే.

డెస్కులోని మిత్రులకు ఒక మనవి. ఈసారి సోలిపేట నుంచి ఐటమ్ వస్తే నల్లగొండ పేజీలో సర్దేయకండి. హైదరాబాద్ సిటీ ఎడిషన్‌లో వేయండి.