లినక్స్‌లో పీడీఎఫ్ చూడాలంటే ప్లగిన్ వేయాలా?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. చాలా పాత కంప్యూటర్లకి విండోస్ 11 ఎక్కదు. పారేయడం ఎందుకని కొందరు అందులో లినక్స్ వేయించుకుంటున్నారు. ఖర్చు లేదు, మంచిదే. అయితే కొడవలూరులో ఉన్నా, కువైట్‌లో ఉన్నా ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "పిల్లాడి హాల్ టికెట్, అబ్బా ఆధార్, పొలం 1-బీ అన్నీ పీడీఎఫ్‌లే కదా, ఇందులో తెరుచుకుంటాయా?"

తెరుచుకుంటాయి. కానీ నెట్‌లో వెతికితే "ఫలానా ప్లగిన్ ఇన్‌స్టాల్ చేయండి" అనే పాత సలహాలు ఇంకా కనబడతాయి. అవి ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే వాటి జోలికి ఎందుకు పోనక్కర్లేదో అర్థమవుతుంది.

ఒకప్పుడు బ్రౌజర్‌కి పీడీఎఫ్ చదవడం రాదు. అడోబ్ రీడర్ అనే వేరే ప్రోగ్రాం ఉండాలి, దాన్నీ బ్రౌజర్‌నీ కలిపే చిన్న ఫైలే ప్లగిన్. విండోస్‌లో రెండు క్లిక్‌లతో పని అయిపోయేది. లినక్స్‌లో మాత్రం అసలు కష్టం దాన్ని ప్యాకేజీ చేయడం.

ప్యాకేజీ అంటే ఏంటి? దావత్‌కి బిర్యానీ వండే బవర్చీ ముందే చీటీ రాసిస్తాడు కదా, బియ్యం ఇంత, మాంసం ఇంత, దేగ్ ఈ సైజు అని. లినక్స్ ప్యాకేజీలో కూడా అలాంటి చీటీ ఉంటుంది. ఈ ప్రోగ్రాం పేరేంటి, ఏ రకం ప్రాసెసర్‌కి పనికొస్తుంది, ఇది నడవాలంటే ఇంకా ఏమేం ఉండాలి అన్నీ అందులో రాసి ఉంటాయి. కంప్యూటర్ ఆ చీటీ చదివి, లేనివాటిని తనే తెచ్చుకుని, ప్రతి ఫైల్‌నీ దాని చోటులో పెడుతుంది. తీసేయమంటే అంతే శుభ్రంగా తీసేస్తుంది.

అడోబ్ ప్లగిన్‌తో ఇక్కడే రెండు చిక్కులొచ్చాయి. మొదటిది, లినక్స్ కోసం అడోబ్ 32 బిట్ రీడర్ మాత్రమే ఇచ్చింది. 64 బిట్ ఫైర్‌ఫాక్స్ దాని ప్లగిన్‌ని నేరుగా తీసుకోదు. మధ్యలో ఇంకో దుబాసీ ప్రోగ్రాం, దానితో పాటు పాత 32 బిట్ లైబ్రరీల గుట్ట. చీటీ అలా చాంతాడంత అయ్యేది. రెండోది లైసెన్స్. రీడర్ ఉచితమే గానీ, అడోబ్‌తో ఒప్పందం లేకుండా ఇంకొకరు దాన్ని పంచిపెట్టకూడదు. లోపలి కోడ్ చూసే వీలూ లేదు. అలాంటి సాఫ్ట్‌వేర్‌కి డెబియన్ ప్రధాన విభాగంలో చోటు లేదు. మన హైదరాబాద్ స్వేచ్ఛ సంస్థ వాళ్లు తెలుగు లినక్స్ తయారు చేసింది కూడా డెబియన్ మీదే.

2013లో కథ మారింది. ఆ ఫిబ్రవరిలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 19లో పీడీఎఫ్ చదివే పని బ్రౌజర్‌లోనే కలిపేశారు. దాని పేరు పీడీఎఫ్.జేఎస్, కోడ్ అందరికీ తెరిచే ఉంది. అదే ఏడాది లినక్స్‌కి అడోబ్ చివరి రీడర్ 9.5.5 వచ్చింది, తర్వాత ఇంకేం రాలేదు. లినక్స్ క్రోమ్ 2014లో పాత రకం ప్లగిన్లను ఆపేసింది. 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్ 52 ఒక్క ఫ్లాష్‌ని మినహాయించి మిగతావన్నీ తీసేసింది. కారణం భద్రత. ఆ ప్లగిన్‌కి మీ కంప్యూటర్‌లో మీకున్నంత అధికారం ఉండేది, చెడ్డ పీడీఎఫ్ ఒకటి తెరిస్తే చాలు, నష్టం ఎక్కడిదాకా వెళ్తుందో చెప్పలేం. పీడీఎఫ్.జేఎస్ బ్రౌజర్ గీసిన గీత లోపలే పనిచేస్తుంది. ఇది రావడం లినక్స్ వాళ్లకి పెద్ద ఊరట అనే నేనంటాను.

కాబట్టి ఇప్పుడు ఎవరైనా "పీడీఎఫ్ చూడాలంటే ఇది వేసుకోండి" అని బటన్ చూపిస్తే నొక్కకండి. మీ పాన్, పాస్‌బుక్, నిఖానామా స్కాన్ చేసి పెట్టుకున్న కంప్యూటర్ అది.

బ్రౌజర్ ఒక్కటే సరిపోని పనులు కొన్ని ఉన్నాయి. ఈ-ఆధార్‌కి పాస్‌వర్డ్ అడిగితే పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు పెద్దబడిలో, పక్కనే పుట్టిన సంవత్సరం కొట్టాలి. అంతవరకు బ్రౌజర్ చాలు. దాని మీది డిజిటల్ సంతకం అసలుదో కాదో చూడాలంటే ఓక్యులర్ అనే ప్రోగ్రాం తెచ్చుకోండి. లినక్స్ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో పేరు కొడితే వస్తుంది. దాని చీటీలో ఏముండాలో ప్యాకేజీ చేసినవాళ్లే రాసి పెట్టారు.

ఇక అక్షరాల గొడవ. పీడీఎఫ్ తయారు చేసినవారు ఫాంట్‌ని అందులోనే కలిపేస్తే తెలుగైనా, ఉర్దూ నస్తలీఖ్ అయినా సరిగ్గానే కనిపిస్తుంది. కలపకపోతే గడులు కనిపించవచ్చు. పోతన, వేమన ఫాంట్లు, ఉర్దూకి నోటో నస్తలీఖ్ లినక్స్‌లో ప్యాకేజీలుగా దొరుకుతాయి, ఒకసారి వేసి ఉంచుకుంటే వెబ్ పేజీలకీ పనికొస్తాయి. అయితే అను ఫాంట్లలో టైప్ చేసిన తెలుగు పీడీఎఫ్ చూడ్డానికి బాగున్నా, కాపీ చేస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి. ఆ తప్పు లినక్స్‌ది కాదు, విండోస్‌లోనూ అంతే జరుగుతుంది. ఆ ఫైల్‌లో యూనికోడ్ లేదు.