మానవహక్కుల సేవలో ఒక వేసవి

వేసవి సెలవులనగానే మన యిండ్లలో మామిడిపండ్లు, అమ్మమ్మగారి ఊరు జ్ఞప్తికి వచ్చును. అమెరికాలో న్యాయశాస్త్రము చదువు పట్టభద్రులకు మాత్రము అది సంపాదనకాలము. పెద్ద న్యాయవాదుల సంస్థలు ఆ రెండు మూడు మాసములకు వారిని పిలిచి మంచి జీతములిచ్చును. శరణార్థుల పక్షమునను, చెరలోనున్నవారి పక్షమునను పాటుపడు చిన్న సంఘములకు అట్టి శక్తి లేదు. అవి పనిని చూపగలవు గాని జీతము నీయజాలవు. అందుచే ఊరక పనిచేయగల కలవారి బిడ్డలే ఆ వైపునకు పోగలరు. అప్పుచేసి చదువుకొనువారికి మనసున్నను దారి లేదు.

ఈ చిక్కును కొంతవరకు విప్పునవే వేసవి ఫెలోషిప్పులు. ఇవి మార్కులు చూచి యిచ్చు బహుమానములు కావు. విద్యార్థి తానే ఒక సంఘమును వెదకి, అక్కడివారి సమ్మతి పొంది, తాను చేయబోవు పని యెట్టిదో వ్రాసి పంపవలెను. ఎన్నికైనచో ప్రయాణమునకు, బసకు, భోజనమునకు కొంత సొమ్ము లభించును. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున 1994లో నెలకొన్న మానవహక్కుల కేంద్రము ఇట్టి ఫెలోషిప్పుల నిచ్చుటలో పేరుపడినది.

పది వారములలో ఏమి జరుగునని పాఠకులు శంకింపవచ్చును. మాకును ఆ శంక కలిగినది. ఎల్ సాల్వడార్ కథ తెలిసిన పిమ్మట అది కొంత తీరినది.

మధ్య అమెరికాలోని ఆ చిన్న దేశమున 1980 నుండి 1992 వరకు అంతర్యుద్ధము సాగి సుమారు 75,000 మంది మరణించిరి. సైనికులు పల్లెలపై బడినపుడు పసిపిల్లలను ఎత్తుకొనిపోయిన సంఘటనలు అనేకములు. కొందరు అనాథాశ్రమములలో పెరిగిరి. కొందరు పేర్లు మారి, దత్తతపై అమెరికాకు, ఐరోపాకు చేరిరి. 1994లో జాన్ కోర్తీనా అను జెసూట్ మతాచార్యుడు, బిడ్డలను కోల్పోయిన కుటుంబములతో కలిసి 'ప్రో బూస్కెదా' అను సంఘమును స్థాపించెను. బూస్కెదా యనగా వెదకులాట.

2005లో బర్కిలీ నుండి ఒక వైద్యవిద్యార్థిని ఈ సంఘమునకు తోడ్పడబోయెను. ఆమె పని కుటుంబముల నుండి డి.ఎన్.ఎ. నమూనాలను సేకరించుట. బిడ్డ శరీరకణములలోని ఈ పదార్థము సగము తల్లి నుండి, సగము తండ్రి నుండి సంక్రమించును. తల్లిదండ్రులిద్దరును ఉన్నచో పోల్చుట సులభము. యుద్ధములో ఒకరు పోయినచో తాత, అవ్వ, తోబుట్టువులు మొదలైనవారి నమూనాలు కావలెను. లేనిచో కాకతాళీయమైన పోలికను నిజమని భ్రమపడు ప్రమాదము కలదు. బుగ్గ లోపల దూదిపుల్లతో తుడుచుట క్షణములో ముగియును. ఎవరు ఎవరికి ఏమగుదురో తప్పులేకుండ వ్రాసికొనుటయే కష్టము. చీటీపై పేరు తారుమారైనచో, ఒకసారి తప్పిపోయిన బిడ్డ రెండవసారి తప్పిపోయినట్లే.

ఆలస్యమున కూడ అపాయము కలదు. ఎర్నెస్తీనా, ఎర్లిందా అను అక్కచెల్లెండ్రు 1982 జూన్‌లో కనబడకుండపోయిరి. ఒకరికి ఏడేండ్లు, ఒకరికి మూడేండ్లు. ఈ విషయమున అమెరికా ఖండముల మానవహక్కుల న్యాయస్థానము 2005 మార్చి 1వ తేదీన ఎల్ సాల్వడార్ ప్రభుత్వమును తప్పుపట్టినది. అప్పటికే ఆ బాలికల తల్లి కన్నుమూసియుండెను.

మాకు తోచిన ఆక్షేపణ ఒకటి కలదు. ఇరువది యేండ్లుగా ఎదురుచూచిన తల్లి, నమూనా నిచ్చి, "నా బిడ్డ యెప్పుడు దొరకును?" అని అడుగును. అడుగబడినవారు రెండు మాసములలో వెళ్లిపోవువారు. తిరిగివచ్చి సభలో నివేదిక చదువుటకు ఆమె దుఃఖము చక్కని సామగ్రి యగును, ఆమెకేమి మిగులును? కనుక పనిని నిర్ణయింపవలసినది విద్యార్థి కాదు, అక్కడి సంఘము. సంఘమునకు లెక్కలు వ్రాయు మనిషి కావలసియున్నచో లెక్కలే వ్రాయవలెను. పరిశోధనవ్యాసమునకు అది పనికిరాకపోయిన పోనిండు.

ఆగస్టు కడపట కళాశాలలు తెరచిన వెంటనే విద్యార్థి మరలిపోక తప్పదు. కుటుంబముల పేర్లు, బంధుత్వములు వ్రాసిన పుస్తకము మాత్రము సంఘము చేతిలోనే యుండవలెను. మరుసటి వేసవికి వచ్చువారు ఆగిపోయిన పుటనుండియే మొదలుపెట్టవచ్చును. ఆ తల్లిని మొదటినుండి మరల అడుగ నక్కరలేదు.