ఒకే వృత్తి, రెండు జాబితాలు

ఆంధ్రప్రదేశ్ జాబితాలలో మెహతర్ అనే పేరు రెండు చోట్ల కానవస్తుంది: హిందువైతే షెడ్యూల్డు కులం, ముస్లిమైతే వెనుకబడిన తరగతి. తరతరాల పాకీపని మాత్రం ఇద్దరిదీ ఒక్కటే.

దీనికి మూలం 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. పంజాబులోని నాలుగు సిక్కు కులాలు తప్ప, హిందువులు కానివారెవరినీ అది షెడ్యూల్డు కులస్థులుగా గుర్తించలేదు. 1956లో దళిత సిక్కులందరినీ, 1990లో బౌద్ధులనూ చేర్చారు. మతం మారినంతనే కులం తెచ్చిన వెనుకబాటు తొలగిపోదని శాసనమే ఒప్పుకున్నదన్నమాట. ముస్లిములు, క్రైస్తవులు మిగిలిపోయారు. కొత్త మతంలోనూ ఆ ఇబ్బందులు అంతే తీవ్రంగా ఉన్నాయని చూపాలని 1985లో సూసై కేసులో సుప్రీంకోర్టు అన్నది.

చూపవలసిన చోట మనం తడబడతాం. ఇస్లాంలో కులం లేదు, నిజమే. కాని మెహతర్ ఇంటితో వియ్యమందిన సయ్యదులు మన ఊళ్ళలో ఎందరో లెక్కించి చూడండి.