తాతగారి రివాల్వర్ మీ చేతికొస్తే... మొదట నూనె కాదు, కాగితాలు!

ఇవాళ్టి టాపిక్ కాస్త డిఫరెంట్. కొన్ని ఇళ్లల్లో తాతగారి పేరు మీద ఒక పాత రివాల్వర్ ఉంటుంది. ఆయన మిలిటరీలో చేసి ఉంటారు, లేదా తోటలకు కాపలా కోసం లైసెన్స్ తీసుకుని ఉంటారు. ఆయన పోయాక అది బీరువాలో బట్టల కింద అలాగే ఉండిపోతుంది. "పాతదే కదా, ఏమవుతుందిలే" అనుకుంటారు. అసలు ప్రమాదం ఆ మాటలోనే ఉంది.

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాణ్ణి కాబట్టి ఆ భాషలోనే చెప్తా. తుపాకీ లైసెన్స్ డివైస్‌కి కాదు, యూజర్‌కి. తాతగారి లాగిన్‌తో మనవడు నడపలేడు. 1959 ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, లైసెన్స్ లేకుండా తుపాకీ దగ్గర పెట్టుకుంటే శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా జైలు.

"ఇది యాంటిక్ కదా బ్రో?" అంటారా? సెక్షన్ 45లో పాత ఆయుధాలకు మినహాయింపు ఉంది. కానీ రిపేర్ చేసినా పేలనిదై ఉండాలి. వయసొక్కటే చాలదు.

మరి ఏం చేయాలి? ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. మీరే సంచిలో వేసుకుని బయల్దేరకండి. ముందు స్టేషన్‌కి ఫోన్ చేసి, ఎలా తేవాలో అడగండి. రసీదు తప్పకుండా తీసుకోండి. డిపాజిట్ చేస్తే పోయినట్టు కాదు. గడువులోగా వారసుడు లైసెన్స్ తెచ్చుకుంటే వెనక్కి తీసుకోవచ్చు, అర్హత ఉన్నవాళ్లకి అమ్మొచ్చు కూడా. గడువు దాటితే మాత్రం అది ప్రభుత్వపరం.

తర్వాత, మీది ఏ రకమో తెలుసుకోండి. మన దేశంలో ఎక్కువగా కనిపించే పాతవాటిలో వెబ్లీ ఒకటి. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ కంపెనీ. ఎడమ పక్కన బొటనవేలితో మీట నొక్కితే తుపాకీ మధ్యకి మడత పడి, గుళ్లన్నీ ఒకేసారి పైకి లేస్తాయి. 1915లో బ్రిటిష్ సైన్యంలోకి వచ్చిన మార్క్ 6 పాయింట్ 455 బోర్. ఇలాంటి మిలిటరీ బోర్లు నిషిద్ధ కేటగిరీ, లైసెన్స్ కోసం కేంద్ర హోం శాఖ దాకా వెళ్లాలి. పాయింట్ 32 అయితే మామూలు కేటగిరీ.

లైసెన్స్ మీ పేరు మీదకి వచ్చాకే సంరక్షణ. ఎప్పుడు చేతిలోకి తీసుకున్నా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకండి, గొట్టం మనుషుల వైపు తిప్పకండి. "ఖాళీదేరా" అని ఎవరన్నా నమ్మకండి, తెరిచి ఆరు గదులూ మీ కళ్లతో చూడండి. పాత గుళ్లు దొరికితే పేల్చకండి, చెత్తబుట్టలో వేయకండి. తుపాకీతో పాటే అప్పజెప్పండి.

తోలు కవర్‌లో ఉంచి దాచొద్దు. తోలు తేమని పట్టి ఉంచుతుంది, కోస్తా గాలికి తుప్పు ఇంకా త్వరగా పడుతుంది. కొబ్బరినూనె జిగురు కట్టేస్తుంది. పల్చటి గన్ ఆయిల్ మెత్తటి గుడ్డతో రాసి, సిలికా జెల్ పొట్లం పక్కన పెట్టి, తాళం వేయండి. ఎమెరీ పేపర్ మాత్రం వద్దు! ఆ నల్లటి రంగు మురికి కాదు, తుప్పుని ఆపే పొర. గీకితే సీరియల్ నంబర్ కూడా అరిగిపోతుంది. నంబర్ చెరిపేయడం మళ్లీ ఇంకో నేరం.

చివరగా ఒక మాట. తాతగారు బతికే ఉండి, డెబ్బై ఏళ్లు నిండితే, లేదా ఆ ఆయుధం ఆయన దగ్గర పాతికేళ్లుగా ఉంటే, ఇప్పుడే వారసుడికి లైసెన్స్ కోసం అప్లై చేసుకోవచ్చు. హైదరాబాద్ లాంటి చోట్ల పోలీస్ కమిషనర్, జిల్లాల్లో కలెక్టర్. ఈ ఆదివారం ఆయన పక్కన కూర్చుని లైసెన్స్ పుస్తకం ఎక్కడుందో అడగండి. ఆ తుపాకీ కథ కూడా చెప్పించుకోండి. ఉంటాను మరి!