ముందు మాట, తరువాత బాణీ

సంగీత నాటకం చూసి వచ్చినవారికి పాట గుర్తుంటుంది, పాడిన నటి గుర్తుంటుంది. ఆ పాట కథలో ఎక్కడ, ఎవరి నోట, ఎందుకు రావాలో నిర్ణయించిన రచయితను తలచుకునేవారు తక్కువ. నాటకం దెబ్బతింటే మాత్రం వేళ్ళన్నీ అతని వైపే చూపుతాయి. ఆస్కార్ హామర్‌స్టీన్ (1895–1960) ఈ రెండింటినీ చవిచూశాడు.

న్యూయార్కులో పుట్టిన హామర్‌స్టీన్ కొలంబియాలో న్యాయశాస్త్రం చదువుతూ, రంగస్థలం కోసం దాన్ని వదిలేశాడు. 1927లో జెరోమ్ కెర్న్ సంగీతంతో 'షో బోట్' వచ్చింది. హాస్యం, నృత్యం, నడుమ అతికించిన పాటలు ఉంటే చాలనుకునే బ్రాడ్వేలో, నల్లజాతివారి శ్రమనూ చట్టం నిషేధించిన వర్ణాంతర వివాహాన్నీ కథలోకి తెచ్చిన నాటకమది. కానీ 1930ల నడుమ నుంచి వరుస పరాజయాలు. 1939 నాటి 'వెరీ వార్మ్ ఫర్ మే' 59 ప్రదర్శనలతో ముగిసింది. అందులోని ఒక పాటను జాజ్ గాయకులు నేటికీ పాడుతున్నారు; నాటకం మాత్రం ఎవరికీ పట్టలేదు.

1943లో రిచర్డ్ రాడ్జర్స్‌తో చేయి కలిపాక పని తీరే మారింది. కెర్న్ దగ్గర బాణీ ముందు, మాట తరువాత. మన సినీకవులకు చిరపరిచితమైన పద్ధతే. రాడ్జర్స్ దగ్గర మాటే ముందు. పాత్ర ఏం చెప్పాలో తేలాకే స్వరం పుట్టేది. 'ఓక్లహోమా!' తెర లేచేసరికి నర్తకీబృందం లేదు. వెన్న చిలికే ముసలావిడ, తెర వెనుక నుంచి ఒంటరి గొంతు. మన పద్యనాటకంలో 'వన్స్ మోర్' కోసం కథ ఆగి నిలబడేది. ఇక్కడ పాట సాగుతుంటే కథ కూడా నడిచింది. 2,212 ప్రదర్శనలు.

విజయం వచ్చిన మరు జనవరిలో ఆయన 'వెరైటీ' పత్రికలో ప్రకటన వేయించాడు, తన విఫల నాటకాల పేర్లూ అవి ఆడిన వారాలూ వరుసగా పేర్చి! ఇది వినయమే కాదు, కొంత చురక కూడా.

1949 నాటి 'సౌత్ పసిఫిక్'లో, జాతిద్వేషం పుట్టుకతో రాదనీ పిల్లలకు నేర్పితేనే వస్తుందనీ చెప్పే పాట ఒకటుంది. తీసేయమని ఒత్తిడి వచ్చినా ఇద్దరూ ఒప్పుకోలేదు.

1959 సెప్టెంబరులో ఆయనకు జీర్ణాశయ కేన్సరుకు శస్త్రచికిత్స జరిగింది. ఈ వ్యాధి బయటపడేసరికే తరచు ఆలస్యమైపోయే రోజులవి. కోలుకుంటూనే 'ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్' కోసం 'ఎడెల్వైస్' రాశాడు. అదే ఆయన చివరి పాట. మరుసటి ఆగస్టులో కన్నుమూశాడు. దాన్ని ఆస్ట్రియా జానపదగీతమని నమ్మేవారు నేటికీ ఉన్నారు.